పెళ్లికి అటూ ఇటూ: రాసినవాళ్లూ, విన్నవాళ్లూ

  నేను నేరుగా విషయంలోకి వస్తాను.

మామూలు పెళ్లి చట్రంలో ఇమడని బంధాల గురించి రాసే మానసిక చికిత్సకుల జీవితం, వాళ్ల పని గురించి మాట్లాడమని ఈ కరీంనగర్ స్మారక సభ నిర్వాహకులు అడిగారు. ఈ ఊళ్లోనే కుటుంబ కౌన్సెలింగ్ చేసుకుంటూ బతుకుతున్నదాన్ని కాబట్టి నన్ను పిలిచారనుకుంటాను. ఆహ్వాన పత్రిక చూసిన ఒక మిత్రుడు ఫోన్ చేసి, "ఏం మేడం, అమెరికా ముచ్చట్లు చెప్తరా?" అన్నాడు. అమెరికా ముచ్చట కొంచెం చెప్పక తప్పదు. ఎక్కువసేపు మాత్రం అక్కడ ఉండను.

1997లో డాసీ ఈస్టన్ అనే ఆమె జానెట్ హార్డీతో కలిసి ఒక పుస్తకం వేసింది. ఈస్టన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో లైసెన్సు ఉన్న కుటుంబ థెరపిస్టు. ఒకరికి మించి మనుషులతో, అందరికీ తెలిసి, అందరి ఒప్పుదలతో సాగే బంధాలను గౌరవంగా నడుపుకోవడం ఎట్లా అన్నదే ఆ పుస్తకం. హార్డీ మొదటి ముద్రణలో మారుపేరు పెట్టుకుంది. అమెరికాలోనే ఆ జాగ్రత్త అవసరమైందంటే మిగతాది మీరు ఊహించుకోవచ్చు. ఈస్టన్ ఈ దారికి సిద్ధాంతం చదివి రాలేదు. 1969లో, చంటిబిడ్డను ఎత్తుకుని, తనను కొట్టే మనిషి నుంచి బయటపడినప్పుడు, ఇకమీదట ఎవరి సొత్తుగానూ ఉండనని తీర్మానించుకుంది. పుస్తకంలో తాత్వికత తక్కువ. ఈర్ష్య పుట్టినప్పుడు ఏం మాట్లాడుకోవాలి, ఒప్పందాలు ఎట్లా రాసుకోవాలి, పిల్లలకు ఏం చెప్పాలి, రోగాలు రాకుండా ఏం చేయాలి, ఇట్లాంటి ఇంటి సంగతులే ఎక్కువ. అందుకే అది నిలబడిందని నా అభిప్రాయం.

అంతకు నూరేళ్ల ముందు ఇంగ్లండులో వైద్యం చదివిన హావ్‌లాక్ ఎల్లిస్ స్వలింగ ప్రేమ మీద ఇంగ్లీషులో పుస్తకం వేస్తే, మరుసటి ఏడాది, 1898లో, దాన్ని అమ్మినందుకు ఒక మనిషిని కోర్టుకు లాగారు. ఎల్లిస్ భార్య ఎడిత్‌కు స్త్రీల మీద ప్రేమ. భార్యాభర్తలు చాలాకాలం వేరువేరు ఇళ్లలోనే స్నేహంగా బతికారు. ఇతరుల బంధాల గురించి రాసేవాడికి తన ఇంటి సంగతి తప్పనిసరిగా ఎదురవుతుంది. ఈ మాట మళ్లీ ఒకచోట పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

మన తెలుగులో ఈ పని ఎవరు చేశారంటే అందరికీ ముందు గుర్తొచ్చేది చలం. 1920ల చివర్లో వచ్చిన 'మైదానం'లో రాజేశ్వరి మొగుణ్ని వదిలి అమీర్‌తో వెళ్లిపోయింది. తొంభై ఏళ్లు దాటినా ఆమె మీద పంచాయితీ తెగలేదు. చలం లేకుంటే తెలుగులో ఈ విషయం నోరు తెరిచి మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అయితే చలం వకాల్తా పుచ్చుకున్న మనిషి. ఆయన ముందు తీర్పు రాసుకుని తర్వాత సాక్షుల్ని పిలిచాడు. థెరపిస్టు పని అది కాదు. సాక్షి ముందు మాట్లాడాలి, తీర్పు అసలు రాకపోయినా ఫరవాలేదు.

ఆ రెండో పని నిశ్శబ్దంగా చేసినావిడ మాలతీ చందూర్. 1950ల మొదట్లో ఆంధ్రప్రభ వారపత్రికలో మొదలైన 'ప్రమదావనం' శీర్షికను నలభై ఏళ్లకు పైగా నడిపారు. వంటలు, కుట్లు, చర్మం, జుట్టు, వాటి మధ్యలో ఒక ఉత్తరం: ఆయనకు ఇంకో ఇల్లు ఉన్నదని తెలిసింది, నేనేం చేయాలి? ఇంకో ఉత్తరం: పెళ్లయినాక కూడా పాత మనిషి గుర్తొస్తున్నాడు, నేను చెడ్డదాన్నా? ఇట్లాంటి ప్రశ్నలకు ఆవిడ చలంలా తిరగబడమనలేదు, పురాణంలా ఓర్చుకోమనలేదు. ముందు చదువు, చేతిలో నాలుగు డబ్బులు, ఆ తర్వాతే నిర్ణయం అనే దారి పట్టించారు. డాక్టర్ సమరం వారపత్రికల్లో శరీరానికి సంబంధించిన సందేహాలకు సిగ్గు విడిచి జవాబులు రాయడంతో ఇంకో తలుపు తెరుచుకుంది. ఇరవయ్యో శతాబ్దంలో తెలుగువాడికి దొరికిన థెరపీ చాలామటుకు వారపత్రికల్లోనే దొరికింది. మన జిల్లాల్లో బస్టాండు పుస్తకాల షాపులో కొనుక్కుని, ఇంట్లో కనబడకుండా దాచుకుని చదివిన ఆ పేజీలకు మానసిక ఆరోగ్య చరిత్రలో చోటు లేకపోవడం అన్యాయం.

వీళ్లెవరూ మన ప్రాంతం వాళ్లు కారు. మన ప్రాంతంలో ఈ పని ఎవరు చేశారని వెతుకుతూ పోతే మనం చేరే ఊరు మర్లవాయి. జైనూరు మండలం. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టినాక కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. అక్కడ కూర్చుని మనుషుల పెళ్లిళ్లూ విడిపోవడాలూ పుస్తకానికెక్కించిన మనిషి డాక్టరు కాడు, థెరపిస్టూ కాడు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త, క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన ఇక్కడికి రావడం ఒక రకంగా యుద్ధం పుణ్యమే. 1909లో పుట్టాడు. ముందు నాగా కొండల్లో కొన్యాకుల మధ్య పని చేశాడు. 1938లో బెట్టీ బర్నార్డో అనే ఇంగ్లీషు ఆవిడను పెళ్లి చేసుకుని, మరుసటి సంవత్సరం మళ్లీ ఇండియా వచ్చేసరికి రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్లకు ఆయన శత్రుదేశస్థుడు. జైలుకు పంపకుండా నిజాం రాజ్యం దాటి పోకూడదని కట్టడి చేశారు. దాంతో ఆయన ముందు చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత గోండుల దగ్గరికి వచ్చాడు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను కాల్చి చంపినాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు పడింది. అందుకు ఈయనే పనికొచ్చాడు. ఒక రాజ్యం తాను చంపినవాళ్ల గోడు వినడానికి ఒక ఖైదీలాంటి వాణ్ని నియమించుకోవడం విచిత్రమే.

మర్లవాయిలో వెదురు, గడ్డితో వేసుకున్న గుడిసెలో భార్యాభర్తలు కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం తెరిచి, నాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. 1948లో 'ఆదిలాబాద్ రాజ్‌గోండులు' అనే ఆయన పుస్తకం వచ్చింది. ఆ తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. అయినా రాకపోకలు మానలేదు. 1979లో గోండుల మీద మరో పెద్ద పుస్తకం తెచ్చాడు.

బెట్టీ గురించి ఒక మాట. ఆయన పేరు చెప్పినంతగా ఆమె పేరు ఎవరూ చెప్పరు. కానీ పోయిన ప్రతి ఊరికీ ఆమె పోయింది, నోట్సు రాసింది, దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచి తయారుచేసి తన పేరుతో అచ్చువేసింది. ఆడవాళ్ల దగ్గర కూర్చుని ఆడవాళ్ల మాట వినాలంటే మగవాడొక్కడితో అయ్యే పని కాదు. కౌన్సెలింగ్ గదిలో కూర్చునే ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. 1987 జనవరిలో ఆమె హైదరాబాద్‌లో కన్నుమూస్తే మర్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో ఆయన లండన్‌లో పోయారు. ఆయన అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరిలో ఊరివాళ్లు అక్కడ పూజ చేస్తారు. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనక రాజు గారు ఆ ఊరివారే. 2024 అక్టోబరులో వారూ కాలం చేశారు.

ఇక అసలు సంగతి. హైమన్‌డార్ఫ్ గోండుల పెళ్లి గురించి ఏం రాశాడు?

ముందు గీత ఎక్కడుందో చెప్పాలి. గోండులు తమ వంశాలను దేవుళ్ల లెక్కన నాలుగు గుంపులుగా, వాళ్ల మాటలో 'సగ'లుగా, పంచుకున్నారు: ఏడు దేవుళ్లవాళ్లు, ఆరు దేవుళ్లవాళ్లు, ఐదు, నాలుగు. ఒకే సగ వాళ్లు ఒకరికొకరు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఎంత దూరపు ఊరైనా, మొహం చూసుకోకపోయినా సరే, వాళ్ల మధ్య పెళ్లి మాట రాకూడదు. ఆ గీత దాటితే అది క్షమించే తప్పు కాదు. తెగ బయటివాళ్లతో పోయినా ఆ రోజుల్లో వెలి తప్పేది కాదు. గోండులంటే అడ్డూ ఆపూ లేని మనుషులని మైదానంలో కొందరికి ఒక ఊహ ఉంటుంది. అది శుద్ధ అబద్ధం. పిల్లలంతా ఒకచోట పడుకునే ఘోటుల్ ఇక్కడ ఉండేదని కూడా కొందరు చెప్తుంటారు. ఘోటుల్ బస్తర్ మురియాలది. దాని మీద వెరియర్ ఎల్విన్ 1947లో పుస్తకం రాశాడు. మన ఆదిలాబాద్ గోండులకు అంటగట్టకండి.

గీతకు లోపల మాత్రం ఎన్నో దారులు. పెద్దలు కుదిర్చిన పెళ్లి ఒకటి. అందులో పిల్లవాడి వైపు వాళ్లు ఓలి ఇస్తారు, పెళ్లి పిల్లవాడి ఊళ్లో జరుగుతుంది. మేనరికం మంచి వరుస. ఓలి ఇచ్చుకోలేని పేదవాడు అత్తగారింట్లో కొన్నేళ్లు పని చేసి పిల్లను తెచ్చుకోవచ్చు. మన దిక్కున ఇల్లుటం అంటామే, దానికి దగ్గరిది. రెండు ఇళ్లు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవడం ఇంకొకటి. ఇవేవీ కుదరకపోతే ఇద్దరూ కలిసి వెళ్లిపోవడం. వెళ్లిపోయినవాళ్లను వెతికి కొట్టి తేవడం కాకుండా, కొంతకాలానికి పెద్దమనుషులు కూర్చుని ఓలి తేల్చి, చిన్న తంతుతో దాన్ని పెళ్లి చేసేవారు. ఉన్నవాడు ఇద్దరు భార్యలను తెచ్చుకోవడమూ ఉండేది. మొగుడు పోయినావిడ మరిదితో ఉండవచ్చు. అది ఇష్టం లేకపోతే వేరేవాణ్ని కట్టుకోవచ్చు, అప్పుడు కొంత సొమ్ము మొదటి మొగుడి వైపువాళ్లకు చేరుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది విడిపోయే పద్ధతి. మొగుడితో పొసగక ఒకావిడ వేరేవాడి ఇంటికి పోయిందనుకోండి. పంచ్ కూర్చుంటుంది. ఊరి పెద్ద అయిన పట్ల, రెండు వైపుల పెద్దలు, వంశాల వాళ్లు. మాటలు గంటలకొద్దీ నడుస్తాయి, ఒక్కోసారి మరునాటికి వాయిదా పడతాయి. ఎవరి పరువు పోయిందన్న అరుపులు అక్కడా ఉంటాయి, అందులో తక్కువేం లేదు. కానీ పంచ్ చివరికి తేల్చవలసిన ప్రశ్నలు మూడే. ఆవిడ ఎవరితో ఉంటానంటున్నది? మొదటివాడు ఇచ్చిన ఓలికి రెండోవాడు ఎంత కట్టాలి? పిల్లలు ఎక్కడ ఉండాలి? పిల్లలు తండ్రి వంశానికి చెందుతారు. చంటిబిడ్డ అయితే పెరిగేదాకా తల్లి దగ్గర. లెక్క తేలినాక అందరూ కలిసి కూర్చుని తాగి తింటే వ్యవహారం ముగిసినట్టు. రేపు జాతరలో మొదటి మొగుడు, రెండో మొగుడు ఎదురుపడినా దాని మీద మళ్లీ కొట్లాట ఉండకూడదు.

ఇష్టం లేని మనిషిని ఇంట్లో కట్టేసి ఉంచలేమన్న ఎరుక ఈ పద్ధతికి పునాది. హైమన్‌డార్ఫ్ దీన్ని ఆహా ఓహో అనకుండా, ఛీ అనకుండా, ఎవరు ఎవరితో పోయారు, పంచ్ ఎంత వేసింది, ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు అని ఉదంతం తర్వాత ఉదంతంగా రాసుకుంటూ పోయాడు. చదువుతుంటే ఒక మంచి థెరపిస్టు కేసు డైరీ చదువుతున్నట్టే ఉంటుంది. ఒకటే తేడా, మనుషుల పేర్లూ ఊళ్లూ ఆయన అచ్చులో పెట్టేశాడు. ఆనాటి శాస్త్రానికి అది తప్పు కాదు. ఈనాడు నేను అట్లా చేస్తే నా తలుపు ఎవరూ తట్టరు.

అదే కాలంలో నిజాం సర్కారులో అధికారిగా ఉన్న సేతుమాధవరావు పగడి కూడా గోండుల మధ్య తిరిగి, గోండి నేర్చుకుని పుస్తకం రాశారు. ఆయన్ను మన విశ్వవిద్యాలయాలు ఎందుకు ఇంతగా మరిచాయో నాకు అర్థం కాదు.

ఇంతవరకు మెచ్చుకున్నాను. ఇక కొంచెం పేచీ.

పంచ్‌లో కూర్చునేది మగవాళ్లు. ఆవిడ ఎవరితో ఉంటుందని ఆవిడనే అడుగుతారు, నిజమే. ఓలి లెక్క మాత్రం మగవాడికీ మగవాడికీ మధ్య. ఆడమనిషి అక్కడ కొంత మనిషి, కొంత సొత్తు. గోండుల్లోనూ కొలాముల్లోనూ పిల్లను ఎత్తుకుపోయి చేసుకునే పెళ్లి ఉండేది. కొన్నిసార్లు అది ముందే మాట్లాడుకున్న నాటకం. కొన్నిసార్లు కాదు. ఏడ్చే పిల్లను లాక్కుపోవడాన్ని ఆచారమని ఏ పుస్తకం రాసినా, ఈ రోజు నా గదికి ఆ పిల్ల వస్తే నేను దాన్ని బలవంతమనే రాసుకుంటాను. భూమి కూడా ఆడపిల్లకు దక్కేది కాదు. బయటి మనిషి ఆదివాసీ స్త్రీ స్వేచ్ఛను చూసి మురిసిపోయేటప్పుడు ఆమె పేర ఎంత చెలక ఉన్నదో ఒక్కసారి అడగాలి.

ఎల్విన్ పేరు ఎత్తాను గదా. ఆయన గోండు అమ్మాయి కోసిని 1940లో పెళ్లాడాడు, 1949లో విడాకులిచ్చాడు. ఆదివాసీల ప్రేమ, పెళ్లి గురించి వందల పేజీలు రాసిన మనిషి తన ఆత్మకథలో ఆమె గురించి దాదాపు ఏమీ రాయలేదు. 1964లో ఆయన పోయిన ఏడాదే వచ్చిన ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. పుస్తకం గొప్పదే. కానీ ఇతరుల పడకటింటి సంగతి వివరంగా రాసి, తన ఇంటి తలుపు దగ్గరికి వచ్చేసరికి కలం మూసేయడం ఈ వృత్తికి ఉన్న పాత జబ్బు. ఎల్లిస్, ఈస్టన్ ఆ విషయంలో మేలు. వాళ్లు తమ ఇంటిని దాచలేదు.

ఇప్పుడు కరీంనగర్ వద్దాం. నేను చెప్పబోయేది ఇద్దరు ముగ్గురి కథ కలిపి, ఊరూ వయసూ మార్చి చెప్తున్నది. ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి.

ఒకావిడ, ఆవిడ అత్త కలిసి వచ్చారు. కోడలు బీడీలు చేస్తుంది. కొడుకు మస్కట్‌లో. కోడలు ఊళ్లోనే ఇంకొకతనితో ఉంటున్నదని కులం పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, తప్పు కట్టమన్నారు. తిట్టడానికే అత్త వచ్చిందని అనుకుంటాం. ముసలావిడ కొంగు సర్దుకుని అన్న మాట ఇది: "నా కొడుకు పోయి ఎనిమిదేండ్లాయె. రెండేండ్లకోపాలి వస్తడు, నెల ఉంటడు, పోతడు. ఇది మనిషి కాదా? పోతనంటే పోనియ్యి. పిల్లగాండ్లు మాత్రం నా కండ్ల ముందల్నే ఉండాలె." కోడలు చాలాసేపు నేల చూస్తూ కూర్చుని ఒక్కటే అడిగింది: "బతుకమ్మకు ఇంటికి రానిస్తవా అత్తా?" తర్వాత మస్కట్ నుంచి వీడియో కాల్‌లో కొడుకు మాట: "పంపిన పైసల లెక్క తెల్వాలె."

ఎవరితో ఉండాలి, పిల్లలు, లెక్క. మర్లవాయిలో పంచ్ తేల్చినవే ఈ గదిలోకీ వచ్చాయి. ఒకటి అదనం, పండుగకు పుట్టింటి లాంటి అత్తింటికి రావచ్చా అన్నది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లలో గల్ఫ్ వలస నాలుగైదు దశాబ్దాలుగా నడుస్తున్నది. ఒక మనిషి ఏళ్లకు ఏళ్లు దూరంగా ఉండి, ఇంకొకరు ఇల్లు నడిపే సంసారాలు అక్కడ కొత్త కాదు. పెళ్లి ఫోటోలో ఇద్దరున్నా వాటిని మామూలు సంసారాలని ఎట్లా అంటాం? వీటి గురించి వలస లెక్కలు, శవపేటికల లెక్కలు, పంపిన డబ్బుల లెక్కలు వచ్చాయి. ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లు, అక్కడ ఒంటరిగా మిగిలిన మగవాళ్లు ఎట్లా బతుకుతున్నారన్నది కథల్లో తప్ప ఇంకెక్కడా సరిగా రాలేదు.

చట్టం ఈ ఇంటిని ఎట్లా చూసింది? 2018 సెప్టెంబరు 27 దాకా వ్యభిచారాన్ని నేరంగా చూసే ఐపీసీ 497 ఉండేది. దాని ప్రకారం ఆ మస్కట్ మనిషి రెండోవాడి మీద కేసు పెట్టి అయిదేళ్ల దాకా జైలుకు పంపించవచ్చు. భర్త సరేనంటే నేరమే లేదు. భార్యకు శిక్ష లేదు, అడిగే హక్కూ లేదు. 1860 నాటి ఆ చట్టంలోనూ గోండు పంచ్‌లోనూ ఆడమనిషిని ఒక మొగుడి సొత్తుగా లెక్కగట్టే గుణం ఒకటే. అయితే పంచ్ సొమ్ము కట్టించుకుని, ఆవిడను కోరుకున్నచోట ఉండనిచ్చింది. చట్టం ఆ రెండోవాణ్ని జైల్లో పెట్టి ఆవిడను నడిరోడ్డు మీద నిలబెట్టింది. ఏది నాగరికమో మీరే చెప్పండి. జోసెఫ్ షైన్ అనే మలయాళీ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. విడాకులకు మాత్రం వ్యభిచారం కారణంగా ఇప్పటికీ చెల్లుతుంది, ఆ సంగతి మరవకండి. గోండు దంపతులకైతే హిందూ వివాహ చట్టమే నేరుగా వర్తించదు. షెడ్యూల్డు తెగలను 1955లోనే దాని నుంచి మినహాయించారు. వాళ్ల ఆచారమే వాళ్ల చట్టం. ఉట్నూరు వైపు రాయ్ సెంటర్లనే గోండు పెద్దల పంచాయితీల్లో ఈనాటికీ ఇట్లాంటి వ్యవహారాలు తేలుతున్నాయి.

అదే 2018 సెప్టెంబరు 6న, పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన మేరకు ఐపీసీ 377 కూడా పోయింది. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట తమ పెళ్లిని గుర్తించమని సుప్రీంకోర్టుకు వెళితే, 2023 అక్టోబరు 17న కోర్టు కాదన్నది. అదే ఏడాది జులైలో తెలంగాణ హైకోర్టు 1919 నాటి నిజాం చట్టాన్ని కొట్టేసింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడవేషంలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చిన చట్టం అది. గోండుల ఆచారాన్ని గౌరవించి పుస్తకాలు రాయించిన రాజ్యమే దాన్నీ చేసింది. స్వరాజ్యం వచ్చినాక కూడా డెబ్బై ఏళ్లకు పైగా మనం దాన్ని ఉంచుకున్నాం.

మా వృత్తికి సంబంధించి మాత్రం ఒక మంచి వాక్యం చట్టంలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్, ఒక మనిషి తన సమాజపు నీతులకు, సంస్కృతికి, మతవిశ్వాసాలకు ఒదిగి ఉండడం లేదన్న కారణంగా అతనికి మానసిక రోగం ఉందని నిర్ణయించకూడదని స్పష్టంగా చెప్తుంది. ఇది 2018 మే నుంచి అమల్లో ఉంది. "మా పిల్లకు పిచ్చి పట్టింది, వేరే కులపోణ్ని కావాలంటంది, మందులియ్యుండ్రి" అని తండ్రులు పిల్లల్ని తీసుకొస్తూనే ఉన్నారు. ఆడపిల్ల ఇంకో ఆడపిల్లతోనే ఉంటానంటే భూతవైద్యుడి దగ్గరికి, అక్కడ పని కాకపోతే మా దగ్గరికి తెస్తున్నారు. డబ్బు తీసుకుని మార్చేస్తామనేవాళ్లు కూడా ఈ రాష్ట్రంలో ఉన్నారు. మార్చడం అబద్ధం. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి తీసేసింది 1973లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసింది 1990లో. మన ఊళ్లో బోర్డు కట్టుకున్న ప్రతివాడికీ ఈ రెండు తేదీలు తెలిసి ఉండాలి.

ఒక ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఇట్లా అన్నిటినీ రాసుకుంటూ, తప్పు పట్టకుండా పోతే కుటుంబం ఏం కావాలి? తప్పు పట్టవలసినవి నేను పడతాను. దెబ్బలు, మోసం, మైనరు పిల్లను చేసుకోవడం, దేవత పేరు చెప్పి జోగినిని చేసి ఊరికి వదిలేయడం. ఈ చివరిది మన కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లు బాగా ఎరిగినదే, 1988లో చట్టం చేసి నిషేధించవలసి వచ్చింది. దాన్ని ఎవరైనా స్వేచ్ఛా బంధం అంటే నేను లేచి వెళ్లిపోతాను. అక్కడ అమ్మాయికి కాదనే నోరు లేదు. కాదనగలిగిన చోట, వెళ్లిపోగలిగిన చోట, వెళ్లిపోయినాక పిల్లల మొహం చూడగలిగిన చోట, ఎందరు ఎందరితో ఎట్లా ఉంటున్నారన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. ఈస్టన్ పుస్తకంలో నాకు నచ్చిన భాగం ఇదే, నచ్చనిది ఒకటి ఉంది. ఆ పుస్తకంలో మనుషులకు సొంత గది, సొంత జీతం, సొంత తాళంచెవి ముందే ఉన్నట్టు అనుకుంటారు. మా దగ్గరికి వచ్చే బీడీ కార్మికురాలికి ఉన్నది పీఎఫ్ కాగితం ఒక్కటే. అందుకే నేను మాలతీ చందూర్ క్రమాన్నే పాటిస్తాను. ముందు చేతిలో నాలుగు డబ్బులు.

నేనిక ముగిస్తాను, రెండు విన్నపాలతో.

మొదటిది, ఈ జిల్లాల్లో సఖి కేంద్రాల్లో, పోలీసుస్టేషన్ల కౌన్సెలింగ్ గదుల్లో, కోర్టుల మధ్యవర్తిత్వ కేంద్రాల్లో పని చేస్తున్నవాళ్లకు. రాయండి. పేర్లు తీసేయండి, ఊర్లు మార్చండి, ఇద్దరి కథ కలపండి, వచ్చినవాళ్ల అనుమతి అడగండి, వద్దంటే వదిలేయండి. కానీ తెలుగులో రాయండి, తీర్పులు రాయకుండా ఎవరేమన్నారో రాయండి. హైమన్‌డార్ఫ్ నలభైలలో రాసింది ఇవాళ మనకు పనికొస్తున్నట్టు, మస్కట్ కాలపు సంసారాలు ఎట్లా నడిచాయో రేపటివాళ్లు తెలుసుకోవడానికి ఇంకో ఆధారం ఉండదు.

రెండోది జిల్లా యంత్రాంగానికి, ఐటీడీఏ అధికారులకు. ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ వైపు కౌన్సెలర్లను తీసుకునేటప్పుడు గోండి, కొలామి ఇంటి భాషగా వచ్చిన ఆడపిల్లలకు తొలి అవకాశం ఇవ్వండి. మొగుడు కొట్టాడన్న మాటను గోండు స్త్రీ పరాయి భాషలో, పరాయి మగవాడి ముందు చెప్పుకోవలసిన గతి రాకూడదు. ఆ పని చేయగలిగిన అమ్మాయిలు ఆ ఊళ్ల ఆశ్రమ పాఠశాలల్లో చదివి బయటికి వస్తూనే ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలో నా వంతు నేను చేస్తానని ఈ సభలో మాట ఇస్తున్నాను. వాళ్లను పిలవండి.